అప్పీల్ సరిగ్గా చేయకపోతే అంపైర్ ఏం చేయాలి: కోనసీమ గ్రౌండ్‌లో ఒక సాఫ్ట్‌బాల్ కేసు

సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్ లాంటి ఆట: పిచ్చర్ వేసిన బంతిని (దాన్నే పిచ్ అంటారు) బ్యాటర్ కొట్టి, రన్నర్‌గా ఫస్ట్, సెకండ్, థర్డ్ బేస్‌లు తొక్కుకుంటూ హోమ్ ప్లేట్ చేరితే ఒక రన్, మూడు అవుట్లయితే బ్యాటింగ్ జట్టు వంతు అయిపోతుంది. ఈ ఆటలో అంపైర్ కళ్లారా చూసి కూడా నోరు మెదపకూడని తప్పులు కొన్ని ఉన్నాయి. రన్నర్ బేస్ తొక్కకుండా దాటిపోవడం, గాల్లోకి లేచిన బంతి ఫీల్డర్‌కి తగలకముందే బేస్ వదిలేయడం, బ్యాటింగ్ ఆర్డర్ తప్పి వేరే అమ్మాయి బ్యాట్ పట్టుకుని రావడం. వీటిని ఫీల్డింగ్ జట్టు అడిగితేనే అవుట్. అడగకపోతే ఆట ముందుకి వెళ్లిపోతుంది. ఇలా అడగడాన్నే అప్పీల్ అంటారు, అదీ ఒక పద్ధతిలో అడగాలి. ఆ పద్ధతి తప్పి అడిగినప్పుడు అంపైర్ ఎంతవరకు మాట్లాడొచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే ఈ కేసు. నా వరకు ఇది అంపైరింగ్‌లో అన్నిటికంటే కష్టమైన పని. పిచ్‌ని స్ట్రైకో (సరైన చోట పడినది) బాలో (పక్కకి పోయినది) తప్పుగా పిలిస్తే ఒక పిచ్ పోతుంది. ఇక్కడ నోరు జారితే అంపైరే ఒక జట్టు తరఫున ఆడినట్టవుతుంది.

అండర్-17 అమ్మాయిల మ్యాచ్. గౌతమికీ వశిష్ఠకీ మధ్య, కొబ్బరితోటల నడుమ ఒక హైస్కూల్ గ్రౌండ్. ముందురోజు రాత్రి వాన పడింది. ఒండ్రుమట్టి కదా, పైన ఆరినట్టే కనిపిస్తుంది, అడుగేస్తే దిగుతుంది. సున్నం గీతలు పొద్దున్నే మళ్లీ వేయించాం. రైట్ ఫీల్డ్ వెనకాల పంటకాలవ గట్టు ఉంది. బంతి గట్టెక్కితే డెడ్ బాల్ (ఆట ఆగినట్టు) అని మ్యాచ్‌కి ముందే ఇద్దరు కోచ్‌లతో ఒప్పందం చేసుకున్నాం. పిల్లల పేర్లు, స్కూళ్ల పేర్లు ఇక్కడ అనవసరం. బ్యాటింగ్ చేస్తున్నవాళ్లని నీలం జట్టనీ, ఫీల్డింగ్‌లో ఉన్నవాళ్లని పసుపు జట్టనీ అంటాను.

అంపైర్లం ఇద్దరమే. ప్లేట్ దగ్గర నేను, బేస్‌ల దగ్గర భీమవరం వైపు కుర్రాడొకడు. వయసు చిన్నదైనా నిదానం ఉన్నవాడు. ఇద్దరితో నడిచే మ్యాచ్‌లో అన్ని బేస్‌లూ ఒకరే చూడలేరు. అందుకని ముందే పంచుకున్నాం. ఫ్లై బాల్ లేస్తే థర్డ్ బేస్ మీదున్న రన్నర్ ఎప్పుడు కదిలిందో, హోమ్ ప్లేట్ తొక్కిందో లేదో నేను చూడాలి. ఫస్ట్, సెకండ్ బేస్‌లు తనవి. అప్పీల్ వస్తే ఎవరి బేస్‌కి వాళ్లే జవాబు చెప్పాలి. రెండోవాళ్లు చూసినా చూడనట్టే ఉండాలి.

ఆరో ఇన్నింగ్స్ పైభాగం, అంటే ముందు బ్యాటింగ్ చేసే జట్టు వంతు. పసుపు జట్టు 4-3తో ముందుంది. ఒక అవుట్ అయింది. నీలం జట్టు రన్నర్లు ఇద్దరు, ఒకరు థర్డ్ మీద, ఒకరు సెకండ్ మీద. బ్యాటర్ కొట్టిన బంతి రైట్ ఫీల్డ్‌లోకి ఎత్తుగా లేచింది. నేను మాస్క్ తీసి థర్డ్ బేస్ గీతకి బయటికి, ఫౌల్ ఏరియాలోకి జరిగాను. అక్కడ నిలబడితే దగ్గర్లో థర్డ్ బేస్, దాని మీదుగా దూరంగా రైట్ ఫీల్డర్, రెండూ ఒకే చూపులో పడతాయి. టాగ్-అప్ (బంతి ఫీల్డర్‌కి తగిలేదాకా రన్నర్ బేస్ మీదే ఆగిందా అన్నది) చూడాలంటే ఇదే కిటుకు. తల అటూ ఇటూ తిప్పుతూ చూసేవాడికి బంతి తగిలిన క్షణం, కాలు లేచిన క్షణం రెండూ ఎప్పటికీ కలవవు.

రైట్ ఫీల్డర్ రెండడుగులు వెనక్కి వేసి గ్లవ్ పైకెత్తింది. బంతి గ్లవ్ అంచుకి తగిలి పైకి ఎగిరింది. ఆ పాప కంగారుపడి గుండెలకి అదుముకుని రెండోసారి పట్టేసుకుంది. క్యాచ్. రెండో అవుట్. థర్డ్ మీదున్న అమ్మాయి కుడి బూటు ముందుభాగం బేస్ అంచుకి ఆనించి ఉంది. బంతి గ్లవ్‌కి మొదటిసారి తగిలినప్పుడే ఆ బూటు బేస్‌ని తన్నుకుని లేచింది, బేస్ కింది బురదనీళ్లు పక్కకి చిమ్మాయి. ఇది నేను నిక్కచ్చిగా చూశాను. ఆ అమ్మాయి హోమ్‌కి పరిగెత్తి రన్ చేసింది. సెకండ్ మీదున్న అమ్మాయి సంగతి వేరు. అది నా పని కాదు కాబట్టి నేను చూడలేదు. నేను తిరిగి చూసేసరికి థర్డ్ బేస్ మీద రొప్పుతూ నిలబడి ఉంది.

సెకండ్ బేస్ అమ్మాయి తొక్కిన బేస్

రైట్ ఫీల్డర్ విసిరిన బంతి సెకండ్ బేస్ దగ్గరికి వచ్చింది. పసుపు జట్టు సెకండ్ బేస్ అమ్మాయి దాన్ని అందుకుని, రన్నర్ ఎక్కడుందా అని చూస్తూ వెనక్కి తిరిగింది. తిరగడంలో ఎడమ కాలు సెకండ్ బేస్ మీద పడింది. బంతి చేతిలో ఉంది. బంతి లైవ్‌లో ఉంది, అంటే ఆట ఇంకా ఆగలేదు. కాలు కరెక్టుగా ఆ బేస్ మీదే ఉంది. "సార్, ఈ అమ్మాయి ముందే వెళ్లింది" అని అప్పుడు ఒక్క ముక్క అని ఉంటే సరైన లైవ్ బాల్ అప్పీల్ అయ్యేది. ఏమీ అనలేదు. ఏమీ చూపించలేదు. బంతిని పిచ్చర్‌కి విసిరేసి తన చోటికి వెళ్లిపోయింది.

బేస్ అంపైర్ కదల్లేదు. చేయి లేపలేదు, మొహంలో కూడా ఏమీ లేదు. అప్పటికే రన్నర్ ముందే వెళ్లిందని తనకి తెలుసు. ఆ క్షణంలో అతను చేసిన పని ఈ కేసు మొత్తంలో నాకు బాగా నచ్చినది. చేతిలో బంతి ఉండి పొరపాటున బేస్ తొక్కితే అది అప్పీల్ కాదు. బేస్‌బాల్ రూల్స్‌లో ఈ మాట సూటిగానే ఉంది: ఆటగాడు మాటతోనైనా అడగాలి, లేదా అప్పీలేనని అంపైర్‌కి సందేహం లేకుండా తెలిసే పనైనా చేయాలి, యథాలాపంగా బేస్ మీద కాలు పడితే చాలదు. సాఫ్ట్‌బాల్‌లోనూ మేం నడిచేది ఆ దారినే. ఇక్కడ కొంతమంది అంపైర్లు "బేస్ తొక్కింది కదా, అవుటే కదా" అని చేయి లేపేస్తారు. న్యాయం చేశామనుకుంటారు. కానీ ఆ అమ్మాయి అడగని అవుట్‌ని వీళ్లు అడిగిపెట్టారు.

దీనికి ఇంకో వైపు ఉంది. చేయి లేపకపోయినా ఆ బేస్ వైపు తదేకంగా చూస్తూ నిలబడితే తెలివైన కోచ్ పట్టేస్తాడు. అంపైర్ కళ్లు ఎటు పోతున్నాయో చూసి పిల్లలకి సైగ చేసే కోచ్‌లు మన జిల్లాల్లో లేకపోలేదు. వాళ్లని తప్పుబట్టను, అది ఆటలో భాగమే. మన కళ్లని మనమే కాచుకోవాలి.

"ముందే వెళ్లిపోయిందండి"

బంతి పిచ్చర్ చేతికి వచ్చింది, రన్నర్లు ఆగిపోయారు. క్యాచర్ (బ్యాటర్ వెనక ఉండే ఫీల్డర్) టైమ్ అడిగింది, బంతికి బురద అంటింది, తుడవాలి, ఆట కాసేపు ఆపమని. ఇచ్చాను. బంతి డెడ్ అయింది. సాఫ్ట్‌బాల్‌లో ఇక్కడి నుంచి వేరే దారి తెరుచుకుంటుంది. టైమ్ ఇచ్చాక, రన్నర్లంతా పరుగు ఆపేశాక, ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర నిలబడే ఫీల్డర్) ఎవరైనా చేతిలో బంతి ఉన్నా లేకపోయినా నోటిమాటతో అప్పీల్ చేయొచ్చు. తర్వాతి పిచ్ పడేలోపు చేయాలి, అంతే.

షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఇన్‌ఫీల్డర్) అమ్మాయి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. బెంచీ మీద నుంచి వాళ్ల మాస్టారు ఏదో చెప్పినట్టున్నారు.

"సార్, ముందే వెళ్లిపోయిందండి."

"ఏ రన్నర్ అమ్మా? ఏ బేస్?"

"థర్డ్ బేస్ రన్నర్ సార్."

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. థర్డ్ బేస్ రన్నర్ అంటే ఎవరు? బంతి కొట్టినప్పుడు థర్డ్ మీదున్న అమ్మాయా? ఆ అమ్మాయి రన్ చేసి బెంచీ మీద కూర్చుని నీళ్లు తాగుతోంది. లేక ఇప్పుడు థర్డ్ మీద నిలబడి ఉన్న అమ్మాయా? ఆ అమ్మాయి బయలుదేరింది సెకండ్ నుంచి. మొదటి అమ్మాయి గురించి అయితే నా జవాబు సేఫ్. రెండో అమ్మాయి గురించి అయితే జవాబు నా దగ్గర లేదు, నా పార్ట్‌నర్ దగ్గర ఉంది.

అంపైర్ ముందు ఇప్పుడు మూడు దారులున్నాయి. ఒకటి, తనకి తోచిన అర్థం తీసుకుని వెంటనే తీర్పు చెప్పేయడం. రెండోది, "సరిగ్గా అడగలేదు, వెళ్లమ్మా" అని పంపేయడం. మూడోది, ఇంకో ప్రశ్న వేయడం. మొదటిది చేస్తే అడగని అప్పీల్‌కి తీర్పు చెప్పే ప్రమాదం ఉంది. రెండోది చూడ్డానికి కఠినంగా, నిష్పాక్షికంగా కనిపిస్తుంది. కానీ పదహారేళ్ల పిల్ల రూల్‌లో ఉన్న హక్కుని వాడుకోవడానికి వచ్చి మాట తడబడితే, ఆ తడబాటుని పట్టుకుని హక్కే లేదనడం నాకు సమ్మతం కాదు. నేను మూడో దారిలో వెళ్లాను.

"బంతి కొట్టినప్పుడు థర్డ్ మీదున్న అమ్మాయి గురించా, ఇప్పుడు థర్డ్ మీదున్న అమ్మాయి గురించా?"

ఆ పిల్ల ఒక్కసారి థర్డ్ వైపు చూసింది. "ఇప్పుడు అక్కడున్న అమ్మాయండి. సెకండ్ బేస్ నుంచి, క్యాచ్ పట్టకముందే వచ్చేసింది."

రన్నర్ తేలింది. బేస్ తేలింది. తప్పేమిటో తేలింది. సెకండ్ బేస్ నాది కాదు కాబట్టి పార్ట్‌నర్ వైపు తిరిగి, ఆ అమ్మాయి చెప్పిన మాటనే మళ్లీ చెప్పి అడిగాను. తను నన్ను చూసి తల ఊపడం, నాతో కన్ను కలపడం లాంటివి అప్పటిదాకా ఏవీ లేవు. "బంతి తగలకముందే వదిలింది. అవుట్" అని గట్టిగా చెప్పి చేయి లేపాడు. మూడో అవుట్.

ఆ రెండో ప్రశ్న గురించి కొంచెం ఆగి చెప్పాలి. అది సాయం చేయడం కాదా అని మా సీనియర్ ఒకాయన తర్వాత నన్ను నిలదీశారు. ఆయన వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. "నువ్వు అడిగిన ప్రశ్నలోనే ఇద్దరు రన్నర్లున్నారని ఆ పిల్లకి గుర్తుచేశావు. అడిగేవాళ్లకి తెలియనిది నీ నోటి నుంచి ఎందుకు రావాలి?" అన్నారు. నా సమాధానం ఇది. ఆ పిల్ల వాడిన మాటకి రెండర్థాలున్నాయి. రెండూ ప్రశ్నలో పెట్టాను, ఏదీ వదల్లేదు, ఏదీ నొక్కి పలకలేదు. "సెకండ్ నుంచి వచ్చిన అమ్మాయి గురించేనా?" అని అడిగి ఉంటే అది సాయం. "థర్డ్ బేసా? బాగా ఆలోచించుకుని చెప్పు" అనడం ఇంకా పెద్ద సాయం. గొంతు ఒక్క పిసరు మారినా చాలు, పిల్లలు పసిగట్టేస్తారు.

దీనికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది. ఇద్దరు రన్నర్లూ ఏ తప్పూ చేయకుండా ఉన్నా ఇదే ప్రశ్న, ఇదే గొంతుతో అడిగేవాణ్నా? అడిగేవాణ్నే అయితే ప్రశ్న సరైనది. తప్పు జరిగినప్పుడు మాత్రమే వివరం అడిగి, జరగనప్పుడు టక్కున సేఫ్ అనేసే అంపైర్, తెలియకుండానే జవాబు చెప్పేస్తున్నాడు. రెండు మ్యాచ్‌లు చూసిన కోచ్‌కి ఆ గుట్టు తెలిసిపోతుంది: ఈయన మళ్లీ ప్రశ్న వేశాడంటే అవుట్ ఉన్నట్టే. అందుకే "ఏ రన్నర్, ఏ బేస్, ఏం జరిగింది" అన్న మూడు ముక్కల్నీ ప్రతి అప్పీల్‌లోనూ అడుగుతాను. తప్పు లేదని ఖాయంగా తెలిసినా సరే అడుగుతాను.

సీనియర్ గారు పూర్తిగా ఒప్పుకోలేదు. నేనూ నా మాట మార్చుకోలేదు.

ఇంత అస్పష్టంగా అప్పీళ్లు ఎందుకొస్తాయంటే, మన పిల్లలు సాఫ్ట్‌బాల్‌కి క్రికెట్ నుంచి వస్తారు. కోతలయ్యాక ఖాళీ చేలల్లో వాళ్లు ఆడేది క్రికెట్టే. క్రికెట్ చట్టాల్లో 31వది అప్పీళ్ల గురించి. అక్కడ కూడా అప్పీల్ లేకుండా అంపైర్ అవుట్ ఇవ్వకూడదు, తర్వాతి బంతికి బౌలర్ పరుగు మొదలుపెట్టేలోపే అడగాలి. ఇంతవరకు రెండు ఆటలూ ఒకటే. కానీ క్రికెట్‌లో "హౌజ్ దట్" అన్న ఒక్క కేక అన్ని రకాల అవుట్లకీ సరిపోతుంది. ఎల్బీడబ్ల్యూ అనుకుని అరిచినా బ్యాట్‌కి తగిలిన బంతిని కీపర్ పట్టుంటే క్యాచ్ అవుట్ ఇవ్వొచ్చు. చిన్నప్పటి నుంచి ఆ అలవాటున్న పిల్ల సాఫ్ట్‌బాల్‌లో "సార్, అవుట్ సార్" అంటే సరిపోతుందనుకుంటుంది. సాఫ్ట్‌బాల్‌లో అప్పీల్ ఫలానా రన్నర్ మీద, ఫలానా బేస్ దగ్గర చేయాలి. ఈ తేడా వాళ్లకి పీఈటీ మాస్టార్లు చెప్పాలి. అంపైర్ మ్యాచ్ మధ్యలో పాఠం చెప్పకూడదు.

రన్ ఉందా లేదా

అవుట్ ఇవ్వగానే పసుపు జట్టు పిల్లలు ఎగిరి గంతేశారు. స్కోరర్ నా వైపు చూశాడు. "రన్ ఉంది, రాయి" అన్నాను. 4-4.

పసుపు జట్టు మాస్టారు లేచి వచ్చారు. మర్యాద తప్పలేదు గానీ గొంతులో టెన్షన్ ఉంది. "అదేంటండి, మూడో అవుట్ కదండీ. డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు అవుట్లు) అయ్యాక రన్ ఎలా ఇస్తారండి?"

మూడో అవుట్ పడితే రన్ పోతుందన్న ఈ అపోహ మన దగ్గరే కాదు, బేస్‌బాల్ పుట్టిన దేశంలోనూ ఉంది. రన్నర్ హోమ్ తొక్కాక పడిన మూడో అవుట్ ఫోర్స్ అవుట్ అయినా, బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరకముందే అవుట్ అయినా రన్ కొట్టుకుపోతుంది. ఫోర్స్ అంటే వెనకనున్న బ్యాటర్ బేస్‌కి వస్తోంది కాబట్టి ముందున్న రన్నర్ తప్పనిసరిగా కదలాల్సి రావడం. ఇక్కడ బ్యాటర్ క్యాచ్ అవుట్ అయింది. కాబట్టి ఎవరినీ ఎవరూ నెట్టడం లేదు. సెకండ్ మీదున్న అమ్మాయి అక్కడే ఉండొచ్చు, తన ఇష్టంతో పరిగెత్తింది. ముందే బేస్ వదలడం అప్పీల్ మీద వచ్చే అవుటే గానీ ఫోర్స్ కాదు. తనకన్నా ముందున్న రన్నర్ అప్పటికే హోమ్ తొక్కేసింది, కాబట్టి ఆ రన్ నిలుస్తుంది.

ఫోర్స్ అయితే ఏమవుతుందో చెప్పడానికి 1908 సెప్టెంబర్ 23న న్యూయార్క్‌లో జెయింట్స్, చికాగో కబ్స్ జట్ల మధ్య జరిగిన బేస్‌బాల్ మ్యాచ్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1-1 మీద చివరి ఇన్నింగ్స్, రెండు అవుట్లు, ఫస్ట్ మీద 19 ఏళ్ల ఫ్రెడ్ మెర్కిల్, థర్డ్ మీద ఇంకో రన్నర్. బ్యాటర్ హిట్ కొట్టాడు, థర్డ్ మీదున్నవాడు హోమ్ చేరాడు. గెలిచేశామనుకుని మెర్కిల్ సెకండ్ బేస్ తొక్కకుండానే వెళ్లిపోయాడు. కబ్స్ ఆటగాడు జానీ ఎవర్స్ బంతి తెప్పించుకుని సెకండ్ తొక్కాడు. అంపైర్ హ్యాంక్ ఓ'డే అవుట్ ఇచ్చాడు, రన్ చెల్లలేదు. మెర్కిల్ సెకండ్‌కి తప్పనిసరిగా వెళ్లాల్సినవాడు, అది ఫోర్స్. మన కేసులో రన్నర్‌కి ఆ తప్పనిసరి లేదు. మాస్టారికి న్యూయార్క్ కథ చెప్పే సమయం అప్పుడు లేదు. "బ్యాటర్ క్యాచ్ అవుట్ అయ్యాక ఫోర్స్ ఉండదండి. ఆ అమ్మాయి అవుట్ అవ్వకముందే రన్ అయిపోయింది" అని రెండు ముక్కల్లో చెప్పాను.

ఆయన చురుకైన మనిషి. వెంటనే ఇంకో దారి పట్టారు. "అయితే రన్ చేసిన అమ్మాయి కూడా ముందే వెళ్లిందండి. క్యాచ్ జారింది కదా, మళ్లీ పట్టేలోపు అది సగం దూరం వెళ్లిపోయింది!"

మూడు అవుట్లు అయిపోయాక ఇంకో అప్పీలా అనిపిస్తుంది. కానీ చెల్లుతుంది. రన్‌ని రద్దు చేయించడానికి మూడో అవుట్ తర్వాత కూడా సరైన పద్ధతిలో అప్పీల్ చేయొచ్చు. దీన్నే మా అంపైర్లు నాలుగో అవుట్ అంటారు. షరతు ఒక్కటే: పిచ్చర్, ఇన్‌ఫీల్డర్లు అందరూ తమ చోట్లు వదిలి ఫెయిర్ టెరిటరీ (ఫౌల్ గీతల లోపలి గ్రౌండ్) దాటి బెంచీ వైపు వెళ్లిపోకూడదు. నేను గ్రౌండ్ వైపు చూశాను. నలుగురు గీత దాటేశారు. పిచ్చర్ కూడా దాటేసింది. షార్ట్‌స్టాప్ మాత్రం మా మాటలు వింటూ పిచ్చింగ్ సర్కిల్ పక్కనే నిలబడి ఉంది. అందరూ దాటలేదు కాబట్టి హక్కు బతికే ఉంది.

కోచ్ వాదిస్తున్నంతసేపూ నేను దాన్ని అప్పీల్‌గా తీసుకోలేదు. ఆ షార్ట్‌స్టాప్ అమ్మాయి ముందుకొచ్చి ఈసారి ఎక్కడా తడబడకుండా అడిగింది. "సార్, బంతి కొట్టినప్పుడు థర్డ్ మీదున్న రన్నర్. థర్డ్ బేస్ నుంచి క్యాచ్ పట్టకముందే వెళ్లింది." ఐదు నిమిషాల్లో ఆ పిల్ల అప్పీల్ చేయడం నేర్చేసుకుంది. నేను నేర్పలేదు, నా ప్రశ్న విని నేర్చుకుంది. సీనియర్ గారికి దీనిమీద కూడా అభ్యంతరం ఉండొచ్చు.

ఈ అప్పీల్‌ని తీసుకోను అనడానికి నాకు వీలుందా? ఇది ఇంకో రన్నర్ మీద, ఇంకో బేస్ దగ్గర చేసిన అప్పీల్. ఒకే రన్నర్ మీద ఒకే బేస్ దగ్గర రెండోసారి అడిగితే ఒప్పుకోను. ఇది అది కాదు. తీసుకున్నాను, తీర్పు చెప్పాను: సేఫ్.

కారణం కూడా చెప్పాను, ఎందుకంటే మాస్టారు చూసింది నిజమే. రెండోసారి పట్టేలోపు ఆ అమ్మాయి పరిగెడుతూనే ఉంది. కానీ రూల్ చూసేది క్యాచ్ పూర్తయిన క్షణం కాదు, బంతి ఫీల్డర్‌కి మొదట తగిలిన క్షణం. ఇలా కాకపోతే ఫీల్డర్ కావాలనే బంతిని గ్లవ్ మీద ఎగరేసుకుంటూ ఇన్‌ఫీల్డ్ దాకా వచ్చేయొచ్చు, రన్నర్లు బేస్‌లకి కట్టేసినట్టు పడి ఉండాల్సి వస్తుంది. బంతి గ్లవ్ అంచుకి తగిలినప్పుడే థర్డ్ మీదున్న అమ్మాయి బూటు లేచింది. మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి, "సరేనండి" అని వెళ్లిపోయారు. మ్యాచ్ ముందుకి నడిచింది.

బేస్‌బాల్ అయితే

ఇదే ఆట బేస్‌బాల్‌లో జరిగి ఉంటే దారి వేరు. అక్కడ టైమ్ ఇచ్చి ఉండగా నోటిమాటతో అప్పీల్ చెల్లదు, బంతి లైవ్‌లో ఉండాలి. టైమ్ పిలిచి ఉంటే పిచ్చర్ బంతితో రబ్బర్ (పిచ్ వేసేటప్పుడు కాలు ఆనించే పలక) మీదికి రావాలి, అంపైర్ ప్లే అనాలి, పిచ్చర్ రబ్బర్ దిగి ఆ బేస్‌కి విసరాలి, అక్కడున్నవాడు బేస్ తొక్కి అడగాలి. ఈ దారిలో తప్పులకి చోటెక్కువ. విసిరిన బంతి గ్రౌండ్ దాటి బయటికి పోతే ఆ రన్నర్ మీద ఆ బేస్ దగ్గర మళ్లీ అప్పీల్ లేదు. పిచ్చర్ బాక్ (రూల్‌కి విరుద్ధమైన కదలిక) చేస్తే దాన్ని ఒక ప్లేగా లెక్కేస్తారు, అప్పీల్ హక్కు పోతుంది. మధ్యలో ఇంకో రన్నర్ పరిగెడితే అతన్ని అవుట్ చేయబోయినా అంతే. అంపైర్ ఇక్కడ ఇంకా జాగ్రత్తగా మౌనంగా ఉండాలి, ఎందుకంటే "ముందు రబ్బర్ దిగు బాబూ" అన్న ఒక్క మాట మ్యాచ్ ఫలితాన్నే మార్చేయొచ్చు.

కొత్త అంపైర్లకి నేను తరచుగా చెప్పేది 1983 నాటి అమెరికా బేస్‌బాల్ ఆటగాడు జార్జ్ బ్రెట్ సంగతి. బ్యాట్‌కి పైన్ తార్ (పట్టు కోసం పూసే జిగురు) ఎక్కువ పూశాడని జూలై 24న అతని హోమ్ రన్‌ని అంపైర్లు కొట్టేశారు. లీగ్ అధ్యక్షుడు దాన్ని మళ్లీ నిలబెట్టి, మిగిలిన ఆటని ఆగస్టు 18న ఆడించారు. ఈసారి అంపైర్లు వేరేవాళ్లు. ప్రత్యర్థి జట్టు యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ ఆ సందు పట్టుకున్నాడు. బ్రెట్ ఆరోజు బేస్‌లు తొక్కాడో లేదో ఈ అంపైర్లు చూడలేదు కదా అని ఫస్ట్ దగ్గర, సెకండ్ దగ్గర అప్పీల్ చేయించాడు. రెండుచోట్లా సేఫ్. మార్టిన్ వాదనకి దిగితే క్రూ చీఫ్ (అంపైర్ల పెద్ద) డేవ్ ఫిలిప్స్ జేబులోంచి ఒక కాగితం తీశాడు. రన్నర్లు అన్ని బేస్‌లూ తొక్కారని జూలై 24 నాటి అంపైర్లు సంతకాలు చేసిన అఫిడవిట్ అది. అప్పీల్ ఎక్కడి నుంచి రావచ్చో ముందే ఊహించి, జవాబు ఎవరి దగ్గరుందో సిద్ధం చేసుకున్నారు. మన జడ్పీ హైస్కూల్ మ్యాచ్‌లో అఫిడవిట్లు అక్కర్లేదు. ఎవరి బేస్ ఏదో ఇద్దరు అంపైర్లు ముందే పంచుకుంటే అదే ఆ కాగితం.

చేపలు పట్టే అప్పీళ్లు

ఈ మ్యాచ్‌లో రాలేదు గానీ మిగతా మ్యాచ్‌ల్లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. ఏమీ చూడకుండా గాలం వేయడం. "సార్, ఎవరైనా బేస్ మిస్సయ్యారా సార్?" అని అడుగుతారు. దీనికి అవుననీ కాదనీ చెప్పకూడదు. "అది నువ్వు చెప్పాలమ్మా" అంటాను, అంతటితో ఆగుతాను. అప్పుడు కొంతమంది ఫస్ట్, సెకండ్, థర్డ్ వరసగా ఒక్కో బేస్ పేరూ చెప్పుకుంటూ పోతారు. ఒక రన్నర్ మీద ఒక బేస్ చెప్పి అడిగితే తీర్పు చెబుతాను. బేస్‌లన్నీ జాబితాలా చదివితే "నువ్వు చూసిందేదో అది అడుగు" అంటాను. కొందరు అంపైర్లు వరసగా అన్నింటికీ సేఫ్, సేఫ్, అవుట్ అని జవాబులిచ్చుకుంటూ పోతారు. దానితో ఫీల్డింగ్ జట్టు ఆట చూడాల్సిన అవసరమే లేకుండా పోతుంది. పరిగెత్తే బేస్‌ల మధ్య 60 అడుగులే ఉన్న ఆటలో, రన్నర్ కాలు ఎక్కడ పడిందో కళ్లు పెట్టి చూసే ఫీల్డర్‌కి దక్కాల్సిన అవుట్ అది.

ఆలస్యంగా వచ్చే అప్పీళ్లతో కూడా పేచీలొస్తాయి. నేను ప్లే బాల్ అన్నాక, పిచ్చర్ ఇంకా పిచ్ వేయకముందే అప్పీల్ అడిగితే తిప్పి పంపను. మళ్లీ టైమ్ పిలిచి వింటాను. పిచ్ పడ్డాక మాత్రం ఎంత పెద్ద తప్పైనా, నేనెంత స్పష్టంగా చూసినా, ఆ తలుపు మూసుకుపోయినట్టే. పిచ్ ఇల్లీగల్ అయినా సరే, పడితే పడినట్టే.

ఆ మ్యాచ్ అయ్యాక నేనూ ఆ కుర్రాడూ ఒక పద్ధతి మొదలుపెట్టాం. టాస్‌కి ముందు ఇద్దరు కోచ్‌లనీ ఇద్దరు కెప్టెన్లనీ పక్కన నిలబెట్టి, అప్పీల్ చేయాలంటే రన్నర్, బేస్, తప్పు మూడూ చెప్పాలనీ, ఏది లేకపోయినా రెండు జట్లకీ ఒకేలా అడుగుతామనీ, తర్వాతి పిచ్ దాకే సమయమనీ, మూడో అవుట్ తర్వాత అడగాలంటే ఇన్‌ఫీల్డర్ ఒక్కరైనా గీత లోపల ఉండాలనీ చెబుతున్నాం. రన్నర్ ఎక్కడి నుంచి బయలుదేరిందో ఆ బేస్ పేరుతోనే పిలవమని కూడా చెబుతున్నాం. దీంతో మ్యాచ్‌లో నేను అడగాల్సిన ప్రశ్నలు చాలా తగ్గాయి. సీనియర్ గారు కూడా తన మ్యాచ్‌ల్లో ఈ మాటలు చెప్పిస్తున్నారు, నా రెండో ప్రశ్నని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు.